సొంత కారణాల వల్ల

మా ఊళ్ళో నీళ్ళు తొందరగా మరుగుతాయి,
దుంప మాత్రం ఓ పట్టాన ఉడకదు.
సముద్రానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున,
బొలీవియా పీఠభూమి మీద,
హంకోకాలా మునిసిపాలిటీలో
పద్నాలుగేళ్ళుగా టైపు కొడుతున్నాను.
నీటిపన్ను నోటీసులు,
లామాలు తప్పిపోయిన ఫిర్యాదులు,
సంతలో కొట్టు వేసుకునే అనుమతులు,
మధ్యమధ్య ఒక రాజీనామా.

రాజీనామా నాకు కంఠతా వచ్చు.
"సొంత కారణాల వల్ల,
ఎవరి ఒత్తిడీ లేకుండా,
నా పూర్తి ఇష్టంతో..."
పేరొక్కటే మారుతుంది.
ఇప్పటికి పదకొండు పేర్లు.
మగపేరు ఒక్కటీ నా వేళ్ళకు తగల్లేదు.

చట్టం వచ్చింది కదా,
జాబితాలో ఆడవాళ్ళు సగం ఉండాలని.
దానికేం, అన్నారు పెద్దమనుషులు.
పైవరసలో ఆమె పేరు రాశారు,
ఆమె దిగిపోతే కూర్చోవడానికి
కిందివరసలో ఒకణ్ణి రాశారు.
ఎన్నికలయ్యేదాకా గోడలనిండా ఆమె ముఖమే.
ఆ పోస్టర్ల జిగురు ఆరకముందే
నన్ను పిలిచి కాగితం ఎక్కించమనేవారు.

మొదటిది తెయోదోసియాది.
వీపున బిడ్డ, బిడ్డకు జ్వరం.
చెయ్యి వణికి సంతకం మీద సిరా ఒలికింది.
"ఇంకో కాపీ ఇస్తావా తల్లీ" అంది
తప్పు తనదైనట్టు.
ఇచ్చాను.
అది చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎవారిస్టా కెల్కా వచ్చింది ఈ ఏడు.
సంతలో ఉప్పు అమ్మే మనిషి.
తూకంలో చిటికెడు తేడా వస్తే
అవతలివాడి చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది.
ప్రమాణస్వీకారం అయిన తొమ్మిదో రోజు
సభామందిరం తలుపుకి బయట గొళ్ళెం పడింది.
లోపల ఆమె, ఐదుగురు మగాళ్ళు,
టైపు మిషనుతో నేను.
కాసేపటికి ఎవరో కరెంటు తీశారు.

కిందివరస పేరున్న అతను, దోన్ ఫెర్మిన్,
కొవ్వొత్తి వెలిగించి కాగితం తోశాడు.
"నీ మంచికే చెబుతున్నాం కదా అక్కా."
ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.
వీపుమూట విప్పింది.
మంచులో పడేసి, కాళ్ళతో తొక్కి,
ఎండకు నల్లబడ్డ దుంపలు,
ఒక జున్నుముక్క.
తిను, అని ముందు నాకే పెట్టింది.
తరవాత వాళ్ళకీ చాపింది.
ఆకలి మీదున్నారేమో, ఇద్దరు తీసుకున్నారు.
"తొక్కినకొద్దీ నిలవుంటుంది ఇది" అంది,
"మా అమ్మ ఎండబెట్టినవి
ఆమె పోయాక కూడా ఆరేళ్ళు తిన్నాం."
ఎవరూ ఏమీ అనలేదు.
రేకుల కప్పు మీద వడగళ్ళు మొదలయ్యాయి.

రెండు గంటలకో, మూడు గంటలకో
"ఇలా తే" అంది.
నా గుండె జారిపోయింది, పన్నెండు అనుకున్నాను.
ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని చదివింది.
"సొంత కారణాలంటున్నారు,
ఏంటవి? నాకూ చెప్పండి, నావే కదా."
కలం తీసుకుని సంతకం పెట్టింది.
ఫెర్మిన్ ఊపిరి వదిలాడు, కొవ్వొత్తి ఊగింది.
"తారీఖు ఖాళీగా ఉందే, నేనే వేస్తా" అని వేసింది:
ఐదేళ్ళ తరవాతి తారీఖు,
పదవీకాలం ముగిసే రోజు.

గెలిచిందని రాయను.
తెల్లారేసరికి ఆమె ఉప్పుబస్తాల మీద
ఎవరో కిరసనాయిలు పోశారు.
జీతం కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతోందో
నాకు తెలుసు, చెప్పే ధైర్యం లేదు.
కానీ ప్రతి మంగళవారం వస్తుంది.
కుర్చీ తీసేస్తే మూట మీద కూర్చుంటుంది.
వంతెన సంగతి అడుగుతుంది,
బడి దగ్గర కుళాయి సంగతి,
అడిగిందే అడుగుతుంది.

నిన్న లామా ఫిర్యాదు ఒకటి టైపు చేస్తున్నా.
నా వేళ్ళు వాటంతటవే
"సొంత కారణాల వల్ల" అని కొట్టేశాయి.
కాగితం లాగి పారేశాను.
ఆమె మూటమీంచి చూసింది.
ఏమీ అడగలేదు.
జున్ను తింటావా, అంది.